సరిహద్దు బస్సుల యాప్: లాంచ్ ముందు డైరీ

జనవరి, సంక్రాంతి రద్దీ తగ్గాక

యాప్ ఒక రూపానికి వచ్చింది. పర్లాకిమిడిలో నిలబడి పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపు తరవాతి బస్సు ఎప్పుడుందో, ఎక్కడ ఎక్కాలో చూసుకోవచ్చు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కోడింగ్ తమ్ముడిది. టైమింగులు సేకరించేది వదిన. ప్రచారం, డబ్బు లెక్కలు బావవి. మనుషులతో మాట్లాడి పని జరిపించే బాధ్యత నాది. ఇక జనంలోకి ఎలా తీసుకెళ్లాలో తేల్చుకోవాలి. ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను.

యాప్ పేరు ఇక్కడ రాయను. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఇంకా వేయలేదు. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకి, స్టార్టప్‌లకి ఒక్కో క్లాసుకి, అంటే సరుకు లేదా సేవ రకానికి, 4,500 రూపాయలు. సాఫ్ట్‌వేర్‌కి 9వ క్లాసు, రవాణా సేవలకి 39వ క్లాసు. ప్రస్తుతానికి 9వ క్లాసులో వేస్తున్నాం. రెండోది చేతిలో కాస్త డబ్బు ఆడాక.

మా ఊరు పర్లాకిమిడి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇటు గజపతి జిల్లా, ఒడిశా. సంబంధాలు, బజారు, ఆసుపత్రులు అన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి. బస్సులు మాత్రం కలవవు. ఇటువైపు ప్రైవేటు బస్సులు, ఒడిశా ప్రభుత్వ బస్సులు, 2023లో పంచాయతీల కోసం ‘లక్ష్మీ’ పేరుతో మొదలుపెట్టిన బస్సులు. అటువైపు ఏపీఎస్‌ఆర్టీసీ. ఒక వైపు బోర్డు చూస్తే రెండో వైపు ఏముందో తెలియదు. దానికితోడు 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. రాష్ట్రం దాటే సర్వీసుల్లో అది చెల్లదు. అందుకని ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చిన ఆంధ్ర ఆడవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో పాతపట్నం వెళ్లి, అక్కడ ఆర్టీసీ బస్సు ఎక్కుతున్నారు. ‘పాతపట్నంలో బస్సు ఎన్నింటికి?’ అని పర్లాకిమిడిలో అడిగేవాళ్లు పెరిగారు. యాప్ పుట్టిందే ఆ ప్రశ్న దగ్గర.

జనవరి చివర

మొదటి వాదన జరిగింది. బావ పట్టుదల ఏమిటంటే బరంపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టాలని. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో మ్యాపు మీద ఒక ఊరిని గుర్తుపెట్టి, చుట్టూ ఇన్ని కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకే ప్రకటన చూపించమని చెప్పొచ్చు. ఖర్చూ మన చేతిలోనే ఉంటుంది.

‘‘ఒరే, ఊరంతా తెలిస్తేనే కదా వాడతారు,’’ అన్నాడు.

‘‘బావా, గుణుపురంలో ఒకాయన డౌన్‌లోడ్ చేసి ఆయన బస్సు అందులో లేకపోతే? మళ్లీ తెరుస్తాడా?’’

తెరవడు. బస్సు యాప్‌ని మనిషి ఒక్కసారే పరీక్షిస్తాడు. రెండు గంటలకి బస్సని చెప్పి, రెండింటికి బస్సు రాకపోతే ఆ యాప్ పని అయిపోయినట్టే. అందుకే నా మాట ఇది: ఒకే ఒక్క రూటు. పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి. ఈ దారిలో ప్రతి బస్సూ మా దగ్గర ఉండాలి, ప్రతి టైమూ కళ్లతో చూసినదై ఉండాలి. ఆ తరవాతే ఇంకో ఊరు. టెక్కలి జాతీయ రహదారి మీద ఉంది, అక్కణ్ణుంచి శ్రీకాకుళానికి, విశాఖకి దారి దొరుకుతుంది. ఈ ఒక్క దారి పట్టుకుంటే ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, సెంచూరియన్ యూనివర్సిటీ పిల్లలు, సరుకుకి వెళ్లే చిన్న వ్యాపారులు చాలామంది ఇందులోకే వస్తారు.

బావ వెంటనే ఒప్పుకోలేదు. వదిన తన నోటుపుస్తకం ముందు పెట్టింది. గుణుపురం పేజీలో సగం గళ్లు ఖాళీ. ‘‘ఇది నింపకుండా ప్రకటన ఇస్తే నేను ఈ పనిలో ఉండను,’’ అంది. దాంతో తేలిపోయింది.

ఫిబ్రవరి, మొదటి వారం

టైమ్ కీపర్ గారి దగ్గరికి వెళ్లాం. ప్రైవేటు బస్సులకి బస్టాండులో ఆయన మాటే శాసనం. ఒక బస్సు బయల్దేరే నిమిషం దాటితే వెనక బస్సు వాడు హారన్ కొడతాడు, ఈయన విజిల్ వేస్తాడు. నిమిషాల మీదే వాళ్ల రాబడి. అలాంటిచోట టైమింగుల యాప్ అంటే అనుమానం రావడం సహజం.

‘‘ఏటి బాబూ, ఎవల బస్సు ముందు సూపిస్తారు?’’ అన్నది ఆయన మొదటి ప్రశ్న.

ఎవరిదీ పైకెత్తం, బయల్దేరే టైము వరసలోనే ఉంటాయి, ఏ బస్సు పేరూ పెద్ద అక్షరాల్లో ఉండదు, డబ్బిచ్చినా వరస మారదు అని చెప్పాను. తెర మీద చూపించాను. ఆయన ఫోను దూరంగా పెట్టుకుని చదివి, ఒక బస్సు దగ్గర వేలు ఆపాడు. ‘‘ఇది ఆదివారం తిరగదు.’’ వదిన అప్పుడే రాసుకుంది.

ఆ తరవాత ఆయనే కూర్చోబెట్టి చెప్పుకొచ్చాడు. పర్మిట్ ఇచ్చేటప్పుడే రవాణా శాఖ టైమింగులు రాసి ఇస్తుంది. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుకి ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ మీద రెండో రాష్ట్రం కౌంటర్ సంతకం ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో ఉన్న పద్ధతే అది. కాబట్టి టైము రహస్యమేమీ కాదు. కాకపోతే కాగితం మీది టైము వేరు, బస్టాండులో నడిచే టైము వేరు. మాకు కావలసింది రెండోది. అది ఆయన బుర్రలో ఉంది.

లాంచ్ ప్లాన్‌లో ఇది రాసుకున్నాను: టైమ్ కీపర్ మెచ్చనిదే ఏ బస్టాండులోనూ బోర్డు పెట్టకూడదు.

అదే వారం, రాత్రి

బోర్డు సంగతి ఎక్కడినుంచి వచ్చిందంటే, బస్టాండు ఎదురుగా ఉన్న పాన్ బడ్డీ ఆయన దగ్గర్నుంచి. అక్కడ టీ తాగుతూ నిలబడితే, కొనడానికి వచ్చేవాళ్లకి సమానంగా అడగడానికి వచ్చేవాళ్లు కనిపించారు. ‘‘టెక్కలి బస్సు ఎల్లిపోనాదా?’’ ‘‘పాతపట్నంకి ఇప్పుడేటైనా ఉందా?’’ ఆయన సున్నం రాస్తూనే తల ఎత్తకుండా జవాబు చెబుతాడు. అందరికీ ఆయన మాట మీద నమ్మకం.

మా ప్రచారం మొత్తం ఇక్కడినుంచే మారింది. యాప్ గురించి గొప్పలు చెప్పే ఫ్లెక్సీ వద్దు. టైమింగులే ఒక షీట్ మీద అచ్చువేసి బడ్డీకి ఇచ్చేద్దాం. ఫోన్ లేనివాడికి కూడా అది పనికొస్తుంది. బడ్డీ ఆయనకి ప్రశ్నలు తగ్గుతాయి. అడుగున ఒక క్యూఆర్ కోడు, పక్కన ఒక వాక్యం: ‘టైము మారితే ఫోన్‌లో తెలుస్తుంది’. ప్రచారం కోసం పెట్టినదే జనానికి పనికొచ్చే వస్తువైతే దాన్ని ఎవరూ చింపరు, ఎవరూ దాని మీద ఇంకో పోస్టరు అంటించరు.

బావకి ఇది నచ్చింది. ‘‘ఫ్లెక్సీ వారం ఉంటాది, ఇది ఏడాది ఉంటాది,’’ అన్నాడు.

ఫిబ్రవరి, రెండో వారం: బోర్డు

బోర్డు పని చూడడానికి చిన్నదే కానీ చాలా సమయం తీసుకుంది. తీసుకోవలసిందే.

మొదట కాగితం మీద లామినేషన్ చేయించాం. ఎండలో వేడికి లోపల గాలి చేరి ఉబ్బింది, తెల్లవారుజామున ట్యూబ్‌లైట్ పడితే మెరిసి అంకెలు కనపడలేదు. సన్‌ప్యాక్ అనే ప్లాస్టిక్ షీట్‌కి మారాం. తేలిక, వానకి తడవదు, నాలుగు మూలలా కన్నాలు పెట్టి తీగతో కట్టేయొచ్చు. మెరుపు లేని ప్రింటు అడిగాం. ఎరుపు రంగు ఎండకి ముందుగా వెలిసిపోతుందని ప్రింటింగ్ షాపు కుర్రాడు చెప్పాడు, అందుకని టైములన్నీ నలుపులో. ఎరుపు అసలు వాడలేదు. ఆఖరి బస్సుని ఎర్రగా చూపిద్దామనుకున్నాం, దాని చుట్టూ నల్లటి గీత పెట్టి సరిపెట్టాం.

వరస ఎలా ఉండాలి? బస్సు కంపెనీ పేరు ముందా, ఊరి పేరు ముందా? బడ్డీ దగ్గర అడిగే ప్రశ్నే దారి చూపించింది. అందరూ ఊరి పేరుతోనే అడుగుతారు. కాబట్టి ఊరు పైన, కింద టైములు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు గుంపులు. బస్సు పేరు చిన్నగా. పాతపట్నంలో ఎక్కవలసిన ఆర్టీసీ బస్సులు వేరే పెట్టెలో, ‘నది దాటి ఎక్కాలి’ అన్న మాటతో.

అక్షరాల దగ్గర పెద్ద చర్చ. పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో చాలామంది మాట్లాడేది తెలుగు, చదువుకున్నది ఒడియా. బావే అలాంటివాడు, నేను రాసిన తెలుగు బోర్డుని వదిన చదివి వినిపించాలి. వదినది పాతపట్నం, ఆమెకి ఒడియా లిపి రాదు. ఒకే ఇంట్లో ఇద్దరు. అందుకని బోర్డు మీద ఊరి పేర్లు రెండు లిపుల్లో, వాక్యాలు ఒడియా లిపిలో కూడా తెలుగు మాటలే. బావ వాటిని పైకి చదువుతుంటే బడ్డీ దగ్గర ఉన్న పెద్దాయన ఒకాయన ‘‘మనలాగే మాట్లాడతంది బోర్డు,’’ అన్నాడు. ఒడియా మాట్లాడేవాళ్లకి పక్కన ఒడియా వాక్యం. అంకెలు మాత్రం 1, 2, 3. బస్సు మీదా, ఫోన్ మీదా అందరికీ అలవాటైనవి అవే.

గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు ఇది. జనం మాట్లాడే భాషలో బోర్డు రాస్తున్నందుకు నాకు లోలోపల చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి, మూడో వారం: ప్లే స్టోర్

డెవలపర్ అకౌంటుకి ఒక్కసారి కట్టే 25 డాలర్లు ఇదివరకే కట్టాం. 2023 నవంబరు 13 తరవాత తెరిచిన వ్యక్తిగత అకౌంటు కాబట్టి, యాప్‌ని నేరుగా అందరికీ వదలడానికి లేదు. ముందు క్లోజ్డ్ టెస్టింగ్ చేయాలి, అంటే ఎంచుకున్న కొందరికే ఇచ్చి పరీక్షించాలి, అందులో కనీసం 12 మంది వరసగా 14 రోజులు ఉండాలి. మొదట్లో ఈ సంఖ్య 20, తరవాత తగ్గించారు. స్నేహితుల ఈమెయిళ్లతో 12 మందిని చూపించేయడం తేలికే. కానీ ఇంత ఖరీదైన పరీక్ష ఉచితంగా దొరుకుతుంటే వదులుకోవడం ఎందుకని, నిజంగా బస్సెక్కేవాళ్లనే పట్టుకున్నాం: రోజూ టెక్కలి వెళ్లొచ్చే ఒక బట్టల కొట్టు గుమస్తా, యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, డయాలసిస్‌కి వాళ్ల నాన్నని తీసుకెళ్లే ఒకమ్మాయి, ఇద్దరు ఆటోవాళ్లు, ఇంకొందరు.

ఇందులో ఆ అమ్మాయి చెప్పినది అందరికంటే ముఖ్యం. వెళ్లే బస్సు ఆమెకి తెలుసు. తిరిగి వచ్చేది తెలియదు. డయాలసిస్ ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేరు కదా. ‘‘ఆఖరి బస్సు పోయేముందు ఒక గంట నన్ను లేపితే చాలు అన్నా,’’ అంది. తమ్ముడు ఆ రాత్రే ‘ఆఖరి బస్సు గుర్తుచేయి’ అనే బటన్ పెట్టాడు. దానివల్ల ఇంకో చిక్కు కూడా విడిపోయింది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపాలంటే వాడేవాళ్ల అనుమతి అడగాలి. యాప్ తెరవగానే అడిగితే ఎక్కువమంది ‘వద్దు’ నొక్కేస్తారు. ఇప్పుడు ఆ బటన్ నొక్కినప్పుడే అడుగుతున్నాం. తనకి కావలసిన దాని కోసం అడుగుతున్నారని అర్థమైతే ఎవరూ కాదనరు.

స్టోర్‌లో పెట్టే రాతలు నా పని. పేరుకి 30 అక్షరాలు, చిన్న వివరణకి 80, పెద్ద వివరణకి 4,000. తెలుగులో ఒత్తులు, గుణింతాలు కూడా లెక్కలోకి వస్తాయి. ‘పర్లాకిమిడి’ ఒక్కటే 11, ‘పాతపట్నం’ 8. పేరులో రెండు ఊళ్లూ పెడితే యాప్ పేరుకి చోటు పెద్దగా మిగలదు. ఊళ్లని చిన్న వివరణలోకి దించాను, జనం వెతికేది ఊరి పేరుతోనే కాబట్టి అక్కడ తప్పకుండా ఉండాలి. స్క్రీన్‌షాట్లు ఎనిమిది దాకా పెట్టొచ్చు. మేం నాలుగే పెడుతున్నాం, మొదటిది బోర్డు మీద ఉన్న పట్టికే. బోర్డు చూసి వచ్చినవాడికి అదే కనపడాలి.

లొకేషన్ అనుమతి అడగడం లేదు, ఫోన్ నంబరు తీసుకోవడం లేదు. డేటా సేఫ్టీ ఫారంలో అదే రాశాం. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక ఇవి ఊరికే తీసుకుని పెట్టుకునేవి కావు. మాకు అవసరం కూడా లేదు. బావ మాత్రం నంబర్లుంటే తరవాత ప్రచారానికి పనికొస్తాయని కొంచెం బాధపడ్డాడు.

ఫిబ్రవరి చివర

ఎస్సెమ్మెస్ వద్దనుకున్నాం. కారణాలు రాసి పెడుతున్నాను, మళ్లీ ఎవరైనా అడిగితే చెప్పడానికి. వ్యాపార ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ డీఎల్‌టీలో సంస్థ పేరు, హెడర్ (పంపేవారి పేరుగా కనిపించేది), పంపే వాక్యం, అన్నీ ముందుగా నమోదు చేయాలి. పైగా ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులోనైనా, ఒడియాలోనైనా 70 దాటగానే రెండో మెసేజ్ లెక్క. ఊళ్ల పేర్లకే 19 పోతాయి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అదీ ఒక జాబితాకి 256 మంది. అందుకే వాట్సాప్‌ని ప్రచారానికి కాకుండా వేరే పనికి వాడుతున్నాం. బోర్డు అడుగున నంబరు ఇచ్చి ‘టైము తప్పుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి’ అని రాశాం. రాయడం రానివాళ్లు కూడా చెప్పగలరు, తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా మాకు అర్థమవుతుంది. టెస్టింగ్‌లోనే ఒక ఆటో ఆయన, పాతపట్నం దగ్గర రైల్వే గేటు పడితే ఏ బస్సు ఎప్పుడూ ఆలస్యమవుతుందో మెసేజ్‌లో చెప్పాడు. అలాంటిది ఏ పర్మిట్ కాగితంలోనూ ఉండదు.

మైకు ఆటో గురించి బావ అడిగాడు. లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎలాగూ కుదరదు. బస్టాండు మెలకువగా ఉండేదేమో తెల్లవారుజామునే. పిల్లలకి పరీక్షల కాలం కూడా. మానేశాం.

ప్లే స్టోర్‌లో ముందస్తు రిజిస్ట్రేషన్ అనే సదుపాయం ఉంది. అదీ వద్దు. ఇప్పుడు బస్సు కావలసిన మనిషిని వచ్చే నెల దాకా ఆగమనడం ఏం బాగుంటుంది?

మార్చి, మొదటి వారం

‘వేర్ ఈజ్ మై ట్రైన్’ గురించి తమ్ముడూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. 2018లో గూగుల్ కొన్న యాప్ అది. మా వైపు పెద్దవాళ్ల ఫోన్లలో కూడా ఉంటుంది. కారణం ప్రకటనలు కాదు, నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంగా రైలు ఎక్కడుందో చెబుతుంది. మన గుణుపురం లైను ఉదాహరణ తీసుకోండి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు దారి, 2011కి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ అయింది. ఆ రైలు సంగతి ఫోన్‌లో చూసుకునే మనిషి, అదే ఊళ్లో బస్సు సంగతి బడ్డీలో అడుగుతున్నాడు. మేం పూడ్చవలసిన ఖాళీ అదే. టైములన్నీ జీటీఎఫ్ఎస్ పద్ధతిలోనే దాస్తున్నాం. ప్రపంచమంతా బస్సు, రైలు టైములకి వాడే ఫైళ్ల పద్ధతి అది. రేపు ప్రభుత్వమో, ఇంకెవరైనా అడిగితే అలాగే ఇచ్చేయొచ్చు.

లెక్క చూసుకునే పద్ధతి కూడా కుదిరింది. ప్రతి బోర్డు మీది క్యూఆర్ కోడులో ఆ చోటు పేరు దాగి ఉంటుంది. ప్లే స్టోర్ లింకులో రిఫరర్ అని ఒక ముక్క కలిపితే, ఇన్‌స్టాల్ అయ్యాక ఏ బోర్డు నుంచి వచ్చారో తెలుస్తుంది. మనిషి ఎవరో తెలియదు, చోటు మాత్రమే తెలుస్తుంది. దాంతో డౌన్‌లోడ్‌ల సంఖ్య ఒక్కటే కాకుండా రెండు చూడాలనుకున్నాం. ఒకటి, ఆ బోర్డు నుంచి వచ్చినవాళ్లలో వారం లోపల మళ్లీ తెరిచింది ఎందరు. రెండు, ఆ చోటు నుంచి తప్పులు చెబుతూ వాయిస్ మెసేజ్‌లు వస్తున్నాయా. తప్పు చెప్పడానికి తన సమయం ఇచ్చిన మనిషి యాప్‌ని తనదనుకున్నట్టే. డౌన్‌లోడ్‌ల కంటే నాకు అదే ఎక్కువ.

మార్చి, రెండో వారం

ఉగాది ఈసారి మార్చి 19. ఒడియావాళ్ల కొత్త సంవత్సరం పణా సంక్రాంతి ఏప్రిల్ 14. ఈ రెంటి మధ్య రోజుల్లో మా రూటు నిండుగా ఉంటుంది. తెలుగువాళ్లు ఉగాదికి అటు వెళ్తారు, ఒడియా కుటుంబాలు సంక్రాంతికి ఇటు వస్తాయి, పరీక్షలు ముగిసిన పిల్లలు సామాన్లతో కదులుతారు. ఉగాదికి ముందే బోర్డులు కట్టాలి. పండగ రోజుల్లో టైములు మారతాయని టైమ్ కీపర్ గారు ముందే హెచ్చరించారు, అందుకని పండగ వారం ఆయనా, పాతపట్నం కాంప్లెక్స్‌లో వదిన వాళ్ల తమ్ముడూ రోజూ పొద్దున్నే టైములు సరిచూసి పంపుతారు. వాళ్లిద్దరికీ నెలకింత అని ఇవ్వాలని నిర్ణయించాం. ప్రకటనల కోసం బావ పక్కన పెట్టిన డబ్బులో పెద్ద ముక్క ఇక్కడికే పోతోంది. బావే ముందుగా ఆ మాట అన్నాడు, ‘‘టైము సరిగ్గా ఉండడమే మనకి ప్రకటన,’’ అని.

ఇన్‌స్టాగ్రామ్ పూర్తిగా వదల్లేదు. హాస్టల్ పిల్లల కోసం రీల్స్ ఉంటాయి, వాళ్లే తీస్తారు. కానీ డబ్బు కట్టి చూపించడం ఏప్రిల్ తరవాతే.

టెస్టింగ్ గడువు పూర్తయింది, ప్రొడక్షన్ అనుమతికి, అంటే యాప్‌ని అందరికీ వదిలే అనుమతికి, దరఖాస్తు పెట్టాం. టెస్టర్లు ఏం చెప్పారు, వాళ్ల మాట విని ఏం మార్చారు అని అందులో అడుగుతారు. ఆఖరి బస్సు బటన్ కథ మొత్తం రాశాను. జవాబు కోసం చూస్తున్నాం. కొంచెం టెన్షన్‌గానే ఉంది.

బోర్డులు ప్రింటయి వచ్చాయి. మొదటివి పాన్ బడ్డీకి, జెరాక్స్ షాపుకి, యూనివర్సిటీ గేటు దగ్గర టిఫిన్ సెంటర్‌కి, పాతపట్నంలో మందుల షాపుకి, టెక్కలిలో ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టుకి. అనుమతి వచ్చిన మర్నాడే కడతాం, రాకముందు కడితే క్యూఆర్ కోడు ఎక్కడికీ వెళ్లదు. టెక్కలి తరవాత కాశీనగర్ మీదుగా గుణుపురమా, లేక పలాసా అన్నది ఏప్రిల్ చివర కోడుల లెక్క, వాయిస్ మెసేజ్‌లు చూశాకే తేలుస్తాం. వదిన మాత్రం గుణుపురం పేజీలో ఖాళీ గళ్లు నింపడం ఇప్పటికే మొదలుపెట్టేసింది.